మిషన్‌కి ఇల్లు

అనకాపల్లిలో మా బావ చేతిరాత చదవకుండా పెరిగినవాళ్ళు లేరు. అది ఫలానా మనిషి రాత అని ఎవరూ పట్టించుకోకపోవచ్చు గానీ, చదవడం మాత్రం చదివారు. మెయిన్ రోడ్డులో బట్టల కొట్ల బోర్డులు, సబ్బవరం పోయే ఆటోల వెనకాల అక్షరాలు, మా చర్చి గోడ మీద వాక్యాలు, ఎన్నికలొస్తే ఏ పార్టీ పిలిస్తే ఆ పార్టీ గోడలు. ప్రతి తలకట్టు చివరా చిన్న విరుపు ఇచ్చేవాడు. ఆ విరుపు కనపడిందంటే అది మా అక్క మొగుడి పనే. అక్క పెళ్ళయిన కొత్తలో బస్సు కిటికీలోంచి ఆ విరుపుల్ని ఎవరు ముందు పట్టుకుంటారా అని నాకూ అక్కకీ పందేలు నడిచేవి. ఎప్పుడూ అక్కే గెలిచేది.

ఆ చెయ్యి ఒకరోజు పాయకరావుపేటలో ఆగిపోయింది. నిచ్చెన మీద నిలబడి గోడ రాస్తుంటే పక్షవాతం కమ్మి, ఒంట్లో కుడి పక్క పట్టు తప్పి బ్రష్ కింద పడిపోయిందట. మనిషి పడకముందే కింద ఉన్నవాళ్ళు పట్టుకున్నారు. విశాఖపట్నంలో ఆసుపత్రి, మందులు, ఇంట్లో గోడ పట్టుకుని నడవడం, అన్నీ అయ్యాయి. కాలు తిరిగొచ్చింది. మాటకి మొదట్నుంచీ ఏమీ కాలేదు, అదే అక్కకి కష్టం, ఆయన నోటికి ఒక్కరోజైనా సెలవు దొరకలేదు. చెయ్యి కూడా వచ్చింది గానీ వణుకుతూ వచ్చింది. టీ గ్లాసు పట్టుకుంటే సగం టీ సాసర్లోకి పోయేది.

బావ బ్రష్‌లన్నీ ఒక పాత పంచె ముక్కలో చుట్టి అలమార మీద పెట్టేశాడు. అప్పటికే ఊళ్ళో ఫ్లెక్సీ బోర్డులు దిగాయి. "మంచి టైముకే పడిపోనాన్లే, లేపోతే పని లేక పడిపోయీవోణ్ణి" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఏడిస్తే ఏడవాలి, తిడితే తిట్టాలి, ఈ నవ్వేమిటి? నాకు ముక్కు మీద కోపం అని అక్క అంటుంది. నేనొప్పుకోను గానీ ఆ రోజుల్లో అది కాస్త ఎక్కువగానే ఉండేది.

నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టుండేది. ఇంట్లో తోచక బావ రోజూ వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చునేవాడు. ఒకరోజు ఎవరిదో పాత డాట్ మాట్రిక్స్ ప్రింటరు మూత విప్పి నడిపిస్తున్నాను. లోపల ప్రింటు చేసే తల కీచుకీచుమంటూ అటూ ఇటూ పరుగెడుతోంది. బావ ముందుకి వంగి చాలాసేపు చూశాడు.

"ఇది వొణకదు కదరా బావా," అన్నాడు.

మా వైపు బావమరిదిని కూడా బావా అనే పిలుస్తారు. ఆ పిలుపులో ఎప్పుడూ ఉండే వేళాకోళం ఆ పూట లేదు. నేను స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను. చెక్క మీద బొమ్మలు చెక్కే మిషన్లని కొందరు ఇళ్ళల్లో సొంతంగా తయారుచేసుకుంటున్నారని నేను ఇంటర్నెట్‌లో చూసి ఉన్నాను. అక్షరం బావ గియ్యాలి, చెక్కడం మిషన్ చెక్కాలి. ఆ మాట బావకి చెప్పాను. మర్నాటినుంచి నా కొట్టు కొట్టులా లేదు.

ఆ మిషన్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఒక వెడల్పాటి బల్ల. బల్ల మీద అటూ ఇటూ జరిగే వంతెన. ఆ వంతెనకి వేలాడుతూ, వడ్రంగులు అంచులు తీసే చిన్న మోటారు, దాని మూతికి చెక్కే పుల్ల. పొడుగుకి, అడ్డానికి, పైకీ కిందకీ, మూడు వైపులా దాన్ని కదపడానికి మూడు మోటార్లు. విశాఖపట్నం పాతసామాన్ల కొట్లలో ఏరిన మోటార్లు, మరలు తిప్పిన ఇనప రాడ్లు, బీరువా సొరుగులకి వేసే చానెళ్ళు, వీటన్నిటికీ తల నా పాత కంప్యూటరు. బావ ఎడమ చేత్తో పెన్సిలు పట్టి పెద్ద కాగితాల మీద ఒక్కో అక్షరాన్ని గీసీ చెరిపీ, గీసీ చెరిపీ తెచ్చేవాడు. దాన్ని నేను కంప్యూటర్లోకి ఎక్కించేవాణ్ణి. కంప్యూటర్లో తెలుగు అక్షరాలు తయారుగా ఉన్నాయి కదా బావా అంటే, "అవి అచ్చరాలేటి? ఉడకేసిన సేమియా," అనేవాడు.

మిషన్ పెట్టుకోడానికి చోటిచ్చింది బెల్లం షావుకారు గారు. మా బావ మొట్టమొదట రాసిన పెద్ద బోర్డు ఆయన కొట్టుదే. గొడౌను వెనక గదిని ఊరికే ఇచ్చారు. చెక్క పలకలతో కట్టిన పలక గోడకి అవతల బెల్లం దిమ్మలు, ఇవతల మేము. ఆయన ఒక్కటే కోరారు.

"నాకు ఫ్లెక్సీ వద్దయ్యా. ఎండకి అది తెల్లబోయి, స్వామి పేరే కనపడకుండా పోతంది. మీ బావ అక్షరం కావాలి. టేకు పలక నేనిస్తాను."

పై వరసలో ఆయన కొలిచే ఉప్మాక గుడిలోని స్వామి పేరు, కింద వరసలో 'బెల్లం వర్తకులు'. అంతే బోర్డు.

ముందు మామిడి పలకల మీద సాధన మొదలుపెట్టాం. ఇక్కడే మా మిషన్ బండారం బయటపడింది. దానికి కళ్ళు లేవు. నేను ఇన్ని అడుగులు ఇటు వేశాను, ఇన్ని అటు వేశాను అని కంప్యూటరు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది, అంతే. చీకట్లో మెట్లు లెక్కపెట్టుకుని దిగే మనిషి లాంటిది. మధ్యలో లెక్క పోయిందా, ఎక్కడుందో దానికే తెలియదు. మా ఊళ్ళో ఆ రోజుల్లో కరెంటు చెప్పిన టైముకీ పోయేది, చెప్పని టైముకీ పోయేది.

'వర్తకులు' సగంలో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక నేను కంటి అంచనాతో సర్ది మళ్ళీ నడిపాను. చెక్కిన దాన్ని బావ తల వంచి చదివాడు.

"వర్తర్తకులు. నత్తి ఉన్నోడి కొట్టేటి బావా ఇది?"

మరోసారి లెక్క తప్పిన వంతెన బల్ల చివర దాటి ఇంకా పోదామని చూసింది. ఆపేలోపు చానెల్ విరిగి అందులోని గోళీలు గదంతా దొర్లాయి. మధ్యాహ్నం కేరేజీ పట్టుకొచ్చిన అక్క, కొంగు దోపుకుని మోకాళ్ళ మీద పాకుతూ ఆ గోళీలు ఏరింది. ఏరుతూ మా ఇద్దర్నీ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి.

సరిగ్గా ఆ వారమే షావుకారు గారు టేకు పలక పంపించారు. వాళ్ళ నాన్నగారి కాలంలో కొట్టుకి ఉన్న తలుపుది. పాత టేకు, అరచెయ్యి పెడితే చల్లగా, నున్నగా తగిలింది. అలాంటిది ఒకటే ఉంది. బావ దాని పక్కన కూర్చుని చాలాసేపు నిమురుతూనే ఉన్నాడు.

"ఇది గాని పాడైందంటే ఇంక నాను అచ్చరం జోలికి రాను," అన్నాడు. "నువ్వు పిలిచినా రాను. అలమార మీద బ్రష్‌లు కూడా ఎవలికో ఇచ్చెత్తాను. సెప్పేను కదా."

ఆ మాట నవ్వుతూ అనలేదు. అక్క కేరేజీ గిన్నెలు సర్దుతున్నదల్లా ఆగి నా వంక చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. చెయ్యి పోయినప్పుడు కూడా మా బావ మిగిలాడు. ఇప్పుడు ఈ అక్షరం కూడా పోతే ఇంట్లో మిగిలేది నవ్వుతూ గోడకేసి చూసే మనిషే. టేకు పలక మీద మిషన్ పెట్టే ముందు దాని గుడ్డితనానికి ఏదో ఒకటి చెయ్యాలి అనుకున్నాను.

దీనికి మందు ఉంది. బల్ల చివర్లలో చిన్న చిన్న స్విచ్చులు పెడతారు. వంతెన చివరికొచ్చి స్విచ్చు రేకుని తాకితే 'ఇంక చాలు, ఆగు' అని కంప్యూటరుకి కబురు పోతుంది. ఇవి హద్దు స్విచ్చులు. ఒక మూలన ఉన్న స్విచ్చుకి మాత్రం ఇంకో పని కూడా ఉంటుంది. కరెంటు పోయి లెక్క తప్పినప్పుడు మిషన్ నెమ్మదిగా ఆ మూలకి నడిచి, స్విచ్చుని తాకి, 'నేనిక్కడున్నాను' అని మళ్ళీ మొదటినుంచి లెక్క పెట్టుకుంటుంది. అక్కణ్ణుంచి పలక ఎంత దూరమో కంప్యూటరులో రాసే ఉంటుంది కాబట్టి, ఆగిన అక్షరం దగ్గరకి తిన్నగా పోగలదు. పాత జెరాక్సు మిషన్లలోంచి అలాంటి స్విచ్చులు ఊడదీసి తెచ్చాను. ఒకదానికి పక్క మూత పగిలి ఉంది. పని చేస్తోంది కదా అని వదిలేశాను.

"దీన్ని హోమ్ అంటారు బావా," అన్నాను.

"హోమ్ అంటే ఇల్లు కదేటి? మిషన్‌కి ఇల్లేటిరా?"

నేను మళ్ళీ మొదటినుంచి చెప్పాను. మళ్ళీ అదే అడిగాడు. కావాలనే అడుగుతున్నాడని నాకు తెలుసు, అయినా గొంతు లేచింది. అప్పుడు అక్క మజ్జిగ పోస్తూ, "అరుత్తావేటి? తాగొచ్చినోడికైనా గడప కాలికి తగిల్తే ఇల్లొచ్చిందని తెలుత్తాది. ఇదీ అంతే కదా?" అంది. అంతే కదా. నేను అరగంటగా చెబుతున్నది ఆవిడ మజ్జిగ పోసినంత సేపట్లో చెప్పేసింది.

నేను ఆ ఇంటిని నా కుర్చీ పక్కనున్న మూలన పెట్టాను, చేతికందుతుందని. తీగలు లాగి, టంకం పెట్టి, సాయంత్రానికి అంతా అయిపోయింది అనుకునే వేళకి షావుకారు గారు వచ్చారు.

"ఏటి చేస్తన్నాడు మీ బావమరిది?"

"మిషన్‌కి ఇల్లు కడతన్నాడండి," అన్నాడు బావ.

ఆ మాట అనకుండా ఉంటే ఈ కథే వేరు. షావుకారు గారు మొహం సీరియస్‌గా పెట్టి గుమ్మం వైపు, కిటికీ వైపు చూసి వేళ్ళతో దిక్కులు లెక్కపెట్టారు. "ఇది నైరుతి కదయ్యా. ఇల్లన్నాక మొదలు పెట్టేది ఈశాన్యంలో. శంకుస్థాపన ఎక్కడ చేస్తారు? మీ మిషన్ మాత్రం నైరుతిలో మొదలవుద్దా?"

"షావుకారు గారూ, అది ఇల్లు కాదండి, స్విచ్చి."

"హోమ్ అంటే ఇల్లు కాదా? నాకా మాత్రం ఇంగ్లీషు రాదా?"

నేను బావ వంక చూశాను, నువ్వైనా చెప్పు అని. బావకి మహా సరదాగా ఉంది. మేం చర్చికి పోయేవాళ్ళం, మాకు వాస్తు పట్టింపు లేదు. కానీ గది ఆయనది, పలక ఆయనది, పలక మీదకెక్కబోయే దేవుడూ ఆయన దేవుడే. "మూల ఏదైతే ఏటిరా, మిషన్‌కి అన్నీ ఒకటే. పెద్దాయన మనసు కోసం మార్చీ," అన్నాడు. మర్నాడంతా విసుక్కుంటూ తీగలన్నీ పీకి, ఆ స్విచ్చుని ఈశాన్యం మూలకి చేర్చాను. ఆ మూల పలక గోడని ఆనుకుని ఉంటుంది. గోడకవతల బెల్లం. ఆ సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు.

తీరా మిషన్ నడిచాక నా కోపం ఎటు పోయిందో తెలియదు. వంతెనని చేత్తో ఎక్కడికో తోసేసి, కంప్యూటరులో ఒక మీట నొక్కితే, అది గుడ్డిదే అయినా తడుముకుంటూ ఈశాన్యం మూలకి నడిచేది. రేకుని తాకేది.

టిక్.

ఆ చప్పుడంటే మా బావకి ఎంత ఇష్టమో. మెయిన్ కట్టేసి, వంతెనని లాగేసి, మళ్ళీ మెయిన్ వేసి, "ఏదీ, ఇంటికెళ్ళు" అనేవాడు. టిక్. ఇంకోసారి. టిక్. చివరికి అది తాకే సమయానికి తనే నోటితో అనేవాడు. సాయంత్రం ఇంటికెళ్ళాక గుమ్మంలో ఆగి, ద్వారబంధాన్ని వేలితో తాకి, "టిక్" అని అప్పుడు లోపలికి పోయేవాడు. "పిచ్చి ముదిరింది. చర్చి అయ్యగారి సేత ప్రార్థన సేయించాలి," అనేది అక్క. ఇంట్లో అంత నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో. పలక సంగతి తలుచుకుంటే నాకు భయం పోలేదు గానీ ధైర్యం మాత్రం వచ్చింది.

టేకు పలక ఎక్కించిన రోజు వాన. ముసురు పట్టి కొన్నాళ్ళయింది. కొట్టు ముందర షావుకారు గారు కొబ్బరికాయ కొట్టారు. వెనక గదిలో అక్క కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది, మిషన్ కోసం కూడా చేసింది, నేను విన్నాను. ప్రార్థన అయ్యాక ఇంటి దగ్గర పనుందని వెళ్ళిపోయింది. చూస్తూ ఉండలేకపోయింది, అదీ అసలు సంగతి.

స్వామి పేరు వరస నిండుగా వచ్చింది. తలకట్టు చివర విరుపులు బావ చేత్తో రాసినట్టే వచ్చాయి. బావ ఊపిరి తీసుకోవడం కూడా తగ్గించాడు. చెక్క పొట్టు ఎగిరి ఆయన కనుబొమల మీద పడుతున్నా దులుపుకోలేదు. రెండో వరసలో 'బె' అయింది. 'ల్లం'లో సగానికి వచ్చాక లైటు పోయింది, మోటారు ఆగింది.

"పోతే పోనీ బావా, ఇల్లుంది కదా," అన్నాను. కాలు మీద కాలేసుకుని మరీ అన్నాను. వాన చూస్తూ బెల్లం ముక్క నోట్లో వేసుకుని కూర్చున్నాం. కరెంటు వచ్చింది. చెక్కే పుల్లని పైకి లేపించి, ఇంటికెళ్ళే మీట నొక్కాను. వంతెన నెమ్మదిగా మూలకి నడిచింది. బావ పెదాలు తెరిచి 'టిక్' అనడానికి తయారుగా ఉన్నాడు.

టిక్ రాలేదు. వంతెన రేకుని నొక్కి, వెనక అడ్డంగా ఉన్న చెక్క దిమ్మకి ఆనుకుని గుర్రుమంటోంది. నేను లేచి ఎర్ర మీట గుద్దాను. అంతా ఆగింది.

టార్చి వేసి చూస్తే చీమలు. సన్న ఎర్ర చీమలు. ముసురుకి బెల్లం చెమర్చి, పాకం పలక గోడ అడుగునించి మా వైపుకి జారింది. దాని వెంట వచ్చిన చీమలు, మూత పగిలిన స్విచ్చులో దూరి, తెల్లటి గుడ్లతో సహా కాపురం పెట్టేశాయి. లోపల రెండు రేకులు కలిస్తేనే కంప్యూటరుకి కబురు పోతుంది. ఆ రేకుల మధ్య చీమలున్నాయి. మిషన్‌కి నేను కట్టిన ఇంట్లో అవి గృహప్రవేశం చేశాయి.

అప్పుడు నాకొచ్చిన కోపం చెప్పడానికి లేదు. అలికిడికి షావుకారు గారు లోపలికొచ్చారు. "ఈశాన్యం కావాలన్నారు కదండీ! చూడండి మీ ఈశాన్యం!" అని అరిచాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని స్విచ్చులోకి తొంగిచూసి, "చీమలు చేరడం మంచిదేనయ్యా," అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశారు.

స్విచ్చు మార్చేస్తే పోతుంది కదా అంటారేమో. అదే కుదరదు. కొత్త స్విచ్చు వెంట్రుకవాసి ముందో వెనకో తాకినా, సగమైన 'ల్లం' అంచు పక్కన ఇంకో అంచు పడుతుంది. టేకు మీద ఆ గీత ఎప్పటికీ పోదు. ఆ స్విచ్చుని మర ఊడదియ్యకుండా, రేకు వంచకుండా, ఉన్నచోటే ఉంచి లోపల శుభ్రం చెయ్యాలి. కరెంటు తీసేసి సూదితో మొదలుపెట్టాను. నా వేళ్ళు మొద్దువి, పైగా కోపంలో ఉన్నాయి. రెండుసార్లు సూది రేకుకి తగిలింది. మూడోసారి వంచేస్తానని నాకే తెలిసి, సూది పడేసి వరండాలోకి పోయాను.

కాసేపటికి బావ గుమ్మం దగ్గరకి వచ్చాడు.

"అక్కకి ఫోన్ సెయ్యి. అలమార మీద మూట తెమ్మను."

నేను తిరిగి చూశాను. ఏ మూట అని అడగలేదు. ఫోనులో అక్క కూడా అడగలేదు. వానలో ఆటో కట్టించుకుని, మూటని చీర కొంగు కింద దాచుకుని వచ్చింది. తను సగం తడిసింది గానీ మూట తడవలేదు.

పంచె ముక్క విప్పగానే టర్పెంటు వాసన గదంతా కమ్మింది. అన్నిటికన్నా సన్నటి, ఉడత వెంట్రుకల బ్రష్ తీశాడు. దాంతోపాటు చెయ్యి ఆనించుకునే కర్ర, చివర గుడ్డ ముడి కట్టి ఉండేది. బోర్డులు రాసేటప్పుడు ఎడమ చేత్తో ఆ కర్రని అడ్డంగా పట్టుకుని దాని మీద కుడి మణికట్టు ఆనించి రాసేవాడు. ఆ కర్రని అక్క అందించింది. పూర్వం కూడా ఆవిడే అందించేది.

బావ బల్ల మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను టార్చి పట్టుకున్నాను. గాల్లో ఉన్నంతసేపూ బ్రష్ వణికింది. ఎంతగా అంటే నాకు చూడబుద్ధి కాలేదు. కర్ర మీద మణికట్టు ఆనాక వణుకు తగ్గింది. పోలేదు, తగ్గింది. బ్రష్ మొన టర్పెంటులో ముంచి, పగిలిన మూతలోంచి లోపలికి పెట్టాడు.

"నడవండమ్మా, నడవండి. ఇల్లు కాళీ సెయ్యండి. ఇది మా మిషన్‌ది," అన్నాడు చీమలతో.

ఒక్కొక్క చీమనీ, ఒక్కొక్క గుడ్డునీ బ్రష్ మొనకి అంటించి తీసి పంచె మీద దులిపాడు. మధ్యలో చెయ్యి బెదిరితే బ్రష్‌ని వెంటనే వెనక్కి లాగి, ఆగి, మళ్ళీ పెట్టేవాడు. రేకుకి మాత్రం తగలనివ్వలేదు. మెడ మీద చెమట కారుతుంటే అక్క కొంగుతో తుడుస్తోంది. షావుకారు గారు గోడవారన నిలబడి ఉన్నారు.

చివరికి వెనక్కి వాలి, "సూడు బావా," అన్నాడు.

రేకుని అగ్గిపుల్లతో మెల్లిగా నొక్కాను.

టిక్.

నాకు ఏడుపొచ్చింది. కోపంగా ఉన్నప్పుడు ఏడుపు రావడం నాకు అలవాటే, కానీ అప్పుడు కోపం లేదు. కరెంటు వేసి మీట నొక్కాను. వంతెన మూలకి పోయింది, టిక్ అంది, వెనక్కొచ్చి పలక మీద ఆగిన చోట దిగింది. 'ల్లం' మిగతా సగం చెక్కింది. అయ్యాక బావ ఆ అక్షరం గాడి పొడుగునా బొటనవేలి గోరు జరుపుతూ పోయాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. అతుకు ఎక్కడో ఈరోజుకీ నాకు తెలియదు.

గాడుల్లో రంగు నింపడానికి వేరే ఆర్టిస్టుని మాట్లాడి ఉంచాం. మర్నాడు అతను వచ్చేసరికి బావ పలక ముందు కూర్చుని పసుపు రంగు నింపేస్తున్నాడు. గాడి గోడలు బ్రష్‌ని అటూ ఇటూ పోనివ్వవు కాబట్టి వణికినా లోపలే వణికేది. ఆ ఆర్టిస్టు కాసేపు నిలబడి చూసి, టీ తాగి, వెళ్ళిపోయాడు. షావుకారు గారు గోడ అడుగున సిమెంటు పూయించి, చీమల మందు చల్లించారు. నేను స్విచ్చుకి సైకిల్ ట్యూబు ముక్కతో తొడుగు వేశాను. మూల మాత్రం మార్చలేదు. మారుస్తానంటే బావే ఒప్పుకోలేదు.

బోర్డు ఎత్తే రోజు కొట్టు మెట్ల మీద పలకని ఆనించి పెట్టాం. పైన మనుషులు తాళ్ళు సర్దుతున్నారు. అప్పుడు చూశాను, కింద కుడి మూలన, చెక్కిన అక్షరం కాదు, బ్రష్‌తో రాసిన చిన్న వరస. బోర్డు ఆర్టిస్టులు తమ పేరు రాసుకునే చోట మా బావ పేరు. మిషన్ కోసం గీసిన కాగితాల్లో ఆ పేరు లేదు, రాసుకోనని అప్పుడే అన్నాడు. ఇక్కడ పట్టుకోడానికి గాడి లేదు, దాచడానికి గోడ లేదు. అక్షరాలు వంకరగా ఉన్నాయి. గీత గీతా వణికింది. తలకట్టు చివర విరుపు మాత్రం ఉంది.

"బావా, ఇది చెరిపేసి మిషన్ మీద చెక్కించేద్దాం. పెద్ద పనేం కాదు," అన్నాను.

"ఒద్దు."

"నీ పేరే వంకరగా ఉంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"వొణికితే వొణకనీరా. నా సెయ్యే కదా," అన్నాడు.

అక్క వచ్చింది. స్వామి పేరు చూడలేదు, బెల్లం వర్తకుల్నీ చూడలేదు. తిన్నగా ఆ మూల దగ్గరకి వెళ్ళి, మెట్టు మీద గొంతుక్కూర్చుని, ఆ వణికిన పేరుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. బస్సు కిటికీలోంచి ఎప్పుడూ నాకన్నా ముందు పట్టేసే మనిషి. చదివాక వేలు చాచి ఆ విరుపు మీద ఆనించింది.

"టిక్," అంది.

మా బావ అటు తిరిగి, తాడు గట్టిగా కట్టేరా లేదా అని పైనున్నవాళ్ళ మీద కేకలెయ్యడం మొదలుపెట్టాడు.